గాయానికి పింఛను, గగనానికి పరీక్ష

2020 మే నెలాఖరున నార్త్ కరోలినాలో ఐరీన్ ట్రిప్లెట్ అనే తొంభై ఏళ్ల ఆవిడ కన్నుమూసింది. చనిపోయేదాకా ఆమెకు అమెరికా ప్రభుత్వం నెలనెలా 73 డాలర్ల 13 సెంట్ల పింఛను ఇస్తూ వచ్చింది. ఎందుకంటే ఆమె తండ్రి 1860లలో జరిగిన అంతర్యుద్ధంలో సైనికుడు. మొదట దక్షిణాది సైన్యంలో చేరి, తర్వాత అక్కణ్ణుంచి జారుకుని ఉత్తరాది సైన్యంలో పనిచేశాడు. ఐరీన్ పుట్టేనాటికి ఆయనకు ఎనభై దాటాయి. 1865లో ముగిసిన యుద్ధానికి 2020 దాకా పింఛను చెల్లించిన దేశం ఇది.

సైనికుల్ని ఈ దేశం ఎలా చూస్తుందని ఇంటి దగ్గరివాళ్లు ఎవరడిగినా నేను ముందు ఈ సంగతే చెబుతాను. తాడేపల్లిగూడెం దగ్గర మిలిటరీ మాధవరం గురించి తెలిసినవాళ్లకి, సైనికుడి పింఛను ఒక ఇంటిని ఎన్నేళ్లు నిలబెడుతుందో నేను కొత్తగా చెప్పక్కర్లేదు. ఈ దేశంలో ఆ పింఛను దగ్గర పుట్టిన ఒక చిక్కు ఉంది. అది యుద్ధం నుంచి తిరిగొచ్చి విమానం నడపాలనుకునే కుర్రాళ్లను ఎలా పట్టుకుంటుందో చెప్పడానికే ఈ వ్యాసం. మేముండే ఫోర్ట్‌వర్త్ చుట్టుపక్కల ఒకవైపు సైనిక వైమానిక స్థావరం, మరోవైపు అమెరికన్ ఎయిర్‌లైన్స్ ప్రధాన కార్యాలయం ఉన్నాయి. ఒకదాంట్లోంచి బయటికొచ్చి రెండోదాంట్లోకి వెళ్లాలని కలలు కనేవాళ్లు మా వీధిలోనే ఉన్నారు. మా ఇంట్లోనూ ఉన్నాడు.

కథ దేశం పుట్టకముందే మొదలైంది. 1636లో, ఇంకా ఇవన్నీ ఇంగ్లండు వలసలుగా ఉన్న రోజుల్లోనే, ప్లిమత్ కాలనీ ఒక చట్టం చేసింది: కాలనీ కోసం పోరాడి అంగవైకల్యం పొందినవాణ్ణి కాలనీయే పోషించాలి. స్వాతంత్ర్యం ప్రకటించుకున్న 1776లోనే, ఆగస్టులో, యుద్ధంలో వికలాంగులైనవాళ్లకు సగం జీతం ఇస్తామని కాంగ్రెస్ తీర్మానించింది. చేతిలో చిల్లిగవ్వ లేని ప్రభుత్వం ఆ మాట ఇచ్చింది. అంతర్యుద్ధం తర్వాత ఈ పింఛన్ల భారం ఎంత పెరిగిందంటే, 1890లలో కేంద్ర ప్రభుత్వ ఖర్చులో మూడో వంతుకు పైగా వీటికే పోయేది. దరఖాస్తులు చూసే గుమాస్తాల కోసం వాషింగ్టన్ నడిబొడ్డున ఎర్ర ఇటుకలతో ఒక మహా సౌధం కట్టారు. పింఛను భవనం అనే పేరుతో కట్టిన ఆ కట్టడం ఇప్పుడు మ్యూజియం. లోపల నిలబడి ఆ స్తంభాల్ని తలెత్తి చూస్తే, ఒక దేశం కాగితాల కోసం గుడి కట్టిందా అనిపిస్తుంది.

మాట తప్పిన రోజులూ ఉన్నాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో పోరాడినవాళ్లకు బోనస్ ఇస్తామని చెప్పి, చెల్లింపును 1945కి వాయిదా వేశారు. మధ్యలో మహామాంద్యం వచ్చి పడింది. తిండికి లేక 1932లో వేలమంది మాజీ సైనికులు పెళ్లాం పిల్లలతో వాషింగ్టన్ చేరి గుడిసెలు వేసుకుని కూర్చున్నారు. జులై 28న సైన్యమే వచ్చి వాళ్లను తరిమేసింది, గుడిసెలు తగలబడ్డాయి. సైన్యాన్ని నడిపించినవాడు డగ్లస్ మెకార్థర్. ఆ అవమానం జనం మనసులో బాగా నాటుకుంది. రెండో ప్రపంచ యుద్ధం ముగియకముందే, 1944లో, జీఐ బిల్లు అనే చట్టం తెచ్చి తిరిగొచ్చేవాళ్లకు చదువు, ఇంటి అప్పు, బతుకుతెరువు చూపించారంటే, ఆ 1932 నాటి పొగ కూడా ఒక కారణమని నేను నమ్ముతాను.

ఇప్పుడీ వ్యవహారాలన్నీ చూసేది మాజీ సైనికుల శాఖ. అందరూ పిలిచేది వీఏ అని. 1930లో ఏర్పడింది, 1989లో కేబినెట్ హోదా వచ్చింది. కాలం గడిచేకొద్దీ గాయం అనే దాని పరిధీ పెరిగింది. తెగిన కాలు, పోయిన కన్ను అందరికీ కనబడతాయి. వియత్నాం నుంచి వచ్చినవాళ్ల గాయాలు చాలామందికి కనబడలేదు. నిద్రలో కేకలు వేసేవాళ్లను, చిన్న చప్పుడుకే ఉలిక్కిపడేవాళ్లను పిరికివాళ్లనో తాగుబోతులనో అనేవారు. 1980లో అమెరికా మానసిక వైద్యుల సంఘం తన రోగ నిర్ణయ గ్రంథంలో పీటీఎస్‌డీని చేర్చింది. భయంకర అనుభవాల తర్వాత మనసును వదలని ఆందోళనకు అది పేరు. 1991లో, వియత్నాం యుద్ధంలో వాడిన ఏజెంట్ ఆరెంజ్ రసాయనం వల్ల వచ్చే జబ్బులకు, 2022లో ఇరాక్, అఫ్ఘానిస్తాన్‌లలో చెత్త తగలబెట్టిన గుంటల పొగ వల్ల వచ్చే జబ్బులకు చట్టాలు వచ్చాయి. ఇవేవీ ప్రభుత్వం తనంతట తాను ఇచ్చినవి కావు. మాజీ సైనికులు, వాళ్ల భార్యలు కాళ్లరిగేలా తిరిగి సాధించుకున్నవి.

వీఏ లెక్క కట్టే పద్ధతి మనకు వింతగా ఉంటుంది. ఉద్యోగంలో వచ్చిన ప్రతి దెబ్బకూ, జబ్బుకూ సున్నా నుంచి నూరు దాకా పదేసి మెట్లలో ఒక శాతం కడతారు. చెవుల్లో ఆగని హోరుకు పది శాతం. అన్నిటికంటే ఎక్కువమందికి ఉన్నది అదే, ఎందుకంటే ఫిరంగుల పక్కన, జెట్ ఇంజన్ల పక్కన గడిపిన చెవులవి. నిద్రలో ఊపిరి ఆగే జబ్బుకు రాత్రిపూట మాస్కు యంత్రం అవసరమైతే యాభై శాతం. ఈ శాతాల్ని మామూలుగా కూడరు. ముప్పై, పది, పది ఉన్నాయనుకోండి. నూరులో ముప్పై పోతే మిగిలింది డెబ్బై. అందులో పదో వంతు ఏడు పోతే అరవై మూడు. అందులో పదో వంతు పోతే దాదాపు యాభై ఏడు. అంటే పోయింది నలభై మూడు, దాన్ని సమీపంలోని పదికి సవరిస్తే నలభై. మనం వేళ్ల మీద లెక్కేస్తే యాభై రావాల్సిన చోట వీఏ నలభై అంటుంది. 2025లో ఒంటరి వ్యక్తికి పది శాతానికి నెలకు సుమారు 175 డాలర్లు, నూరు శాతానికి సుమారు 3,830 డాలర్లు వచ్చేవి. పన్ను లేదు.

ఒక్క విషయం ఇక్కడ గట్టిగా పట్టుకోవాలి. ఆ శాతం కొలిచేది సగటు మనిషి సంపాదన శక్తి ఎంత తగ్గిందన్నదే. విమానం నడపగలడా లేదా అన్నది దాని ప్రశ్నే కాదు.

ఆ ప్రశ్న అడిగేది వేరే ఇల్లు. దాని కథ 1926తో మొదలవుతుంది. విమానాలకూ పైలట్లకూ లైసెన్సులుండాలని ఆ ఏడాది చట్టం వచ్చింది. పైలట్ల వైద్య పరీక్షల నిబంధనలు రాసింది లూయీ బావర్ అనే సైనిక వైద్యుడు. అంటే పౌర విమానయానంలో వైద్య ప్రమాణాలు పుట్టిందే సైన్యపు గర్భంలో. అదే 1926లో ఓక్లహోమా చమురు బావుల్లో పనిచేసే వైలీ పోస్ట్ అనే కూలీ ప్రమాదంలో ఎడమ కన్ను పోగొట్టుకున్నాడు. పరిహారంగా 1,800 డాలర్లు వచ్చాయి. ఆ డబ్బుతో అతను విమానం కొన్నాడు! ఒంటికన్నుతోనే దూరాలు అంచనా వేయడం సాధన చేసి, అధికారులకు తన నేర్పు చూపించి లైసెన్సు సంపాదించాడు. 1933లో ఒంటరిగా ప్రపంచాన్ని చుట్టొచ్చిన మొదటి పైలట్ అతనే, ఎనిమిది రోజుల లోపే. వైకల్య పరిహారం ఒక మనిషిని ఆకాశానికి ఎత్తిన ఆ కథ ఈ దేశపు వైమానిక చరిత్ర మొదటి పుటల్లోనే ఉంది. ఈనాటి కుర్రాళ్ల భయం చూసినప్పుడల్లా నాకు పోస్ట్ గుర్తొస్తాడు.

1958లో పౌర విమానయానాన్ని నియంత్రించే ఎఫ్‌ఏఏ ఏర్పడింది. ఎయిర్‌లైన్ కెప్టెన్ కావాలంటే దాని మొదటి తరగతి మెడికల్ సర్టిఫికెట్ ఉండాలి. నలభై నిండనివాళ్లకు ఏడాదికోసారి, ఆ తర్వాత ఆర్నెల్లకోసారి పరీక్ష. ఎఫ్‌ఏఏ గుర్తించిన ప్రైవేటు డాక్టర్లే ఈ పరీక్ష చేస్తారు. తేల్చలేని కేసుల్ని ఓక్లహోమా సిటీలోని దాని వైద్య విభాగానికి పంపుతారు. నేరుగా అనర్హత తెచ్చే జబ్బులు పదిహేను ఉన్నాయి. మూర్ఛ, గుండెపోటు, బైపోలార్, మాదకద్రవ్యాల అలవాటు, కారణం తెలియకుండా స్పృహ తప్పడం లాంటివి. వీటిలోనూ కొన్నింటికి, జబ్బు అదుపులో ఉందని రికార్డులతో చూపితే, ప్రత్యేక అనుమతి ఇస్తారు.

వీఏ అడిగేది నువ్వు ఎంత పోగొట్టుకున్నావని. ఎఫ్‌ఏఏ అడిగేది ముప్పై అయిదు వేల అడుగుల ఎత్తున నువ్వు ఉన్నట్టుండి పడిపోతావా అని. అందుకే వీఏ దగ్గర యాభై శాతం ఉన్న మనిషి, మాస్కు పెట్టుకుని పడుకుంటూ ఆ యంత్రం రికార్డు చూపించి, నిక్షేపంగా విమానం నడపొచ్చు. వీఏ లెక్కలో పెద్దగా విలువ లేని ఒక్క స్పృహ తప్పిన సంఘటన మరొకణ్ణి నేల మీదే ఉంచేయొచ్చు. క్లెయిమ్ పెట్టడం ఎవరినీ అనర్హుణ్ణి చేయదు. దాని వెనకున్న జబ్బునే చూస్తారు. ఈ తేడా తెలియక ఎంతమంది నిద్ర పాడుచేసుకుంటున్నారో!

చాలాకాలం ఈ రెండు కార్యాలయాలూ ఒకదాని ముఖం ఒకటి చూసుకోలేదు. పైలట్లలో ఒక మాట ఉండేది, అబద్ధం ఆడనివాడు ఆకాశం ఎక్కలేడని. 2003 ప్రాంతంలో ఉత్తర కాలిఫోర్నియాలో సేఫ్ పైలట్ అనే పేరుతో ఒక దర్యాప్తు జరిగింది. వేలాది పైలట్ల పేర్లను సోషల్ సెక్యూరిటీ అనే మరో ప్రభుత్వ శాఖ వైకల్య భృతి జాబితాలతో పోల్చి చూశారు. నలభైకి పైగా మందిపై కేసులు పెట్టారు. వాళ్లలో స్టాన్‌మోర్ కూపర్ అనే పైలట్ తన హెచ్‌ఐవీ సంగతి ఎఫ్‌ఏఏకి చెప్పకుండా దాచాడు. నేరం ఒప్పుకున్నాక, తన వైద్య రహస్యాన్ని ఒక శాఖ మరో శాఖకు ఇచ్చినందుకు ప్రభుత్వం మీద దావా వేశాడు. అది సుప్రీం కోర్టు దాకా వెళ్లింది. 2012లో అయిదుగురు న్యాయమూర్తులు ఒకవైపు, ముగ్గురు మరోవైపు. మనోవేదనకు గోప్యతా చట్టం కింద పరిహారం రాదని తీర్పు. ఆ ముగ్గురి వాదనే నాకు సబబనిపిస్తుంది. రహస్యం బయటపడితే మనిషికి కలిగే మొదటి నష్టం మనసుకే కదా!

ఈలోగా 2008లో మెడికల్ దరఖాస్తులో కొత్త ప్రశ్న చేరింది. 18వ అంశంలో వై అనే అక్షరం ఎదురుగా ఉంటుంది: వైకల్య భృతి ఏదైనా పొందుతున్నారా, అవును, కాదు. సంతకం కింద హెచ్చరిక. తెలిసి అబద్ధం రాస్తే అయిదేళ్ల దాకా జైలు, రెండున్నర లక్షల డాలర్ల దాకా జరిమానా. లైసెన్సులన్నీ రద్దు కావడం దీనికి అదనం.

ఆ ప్రశ్న మా ఇంటి భోజనాల బల్ల మీదికి వచ్చింది. మా అక్క కొడుకు ఇక్కడే పుట్టి, ఎయిర్‌ఫోర్స్‌లో మెకానిక్‌గా చేసి బయటికొచ్చాడు. మోకాలికి పది, చెవి హోరుకు పది, ఆందోళనకు ముప్పై. నేను పైన చెప్పిన లెక్క వాడిదే. సైన్యం వదిలే ముందు వాడికి అందరూ ఒకటే చెప్పారు: ఏదీ వదలకు, అన్నీ క్లెయిమ్ చెయ్యి, తర్వాత నిరూపించడం కష్టం అని. అది మంచి సలహానే. విడుదలకు ఆరు నెలల నుంచి మూడు నెలల ముందే దరఖాస్తు పెట్టుకునే వీలు ప్రభుత్వమే కల్పించింది. సాయం చేయడానికి అమెరికన్ లీజియన్ లాంటి సంఘాలు ఉచితంగా పనిచేస్తాయి. కానీ రేపు నువ్వు పైలట్ కావాలనుకుంటే ఈ కాగితాలు మళ్లీ నీ ముందుకు వస్తాయని వాడికి ఎవరూ చెప్పలేదు.

ల్యాప్‌టాప్ తెర మీద ఆ చిన్న గడి దగ్గర వాడి చెయ్యి ఆగిపోయింది. "పిన్నీ, ఇక్కడ ఎస్ అని పెడితే అంతా పోతుందా?" అన్నాడు. "నో అని పెడితే మొత్తం పోతుంది నాన్నా" అన్నాను. వీఏ ఇచ్చిన నిర్ణయ పత్రం తీసి పక్కన పెట్టుకున్నాం. ప్రతి శాతం వెనక ఏ డాక్టరు ఏం రాశాడో చదివాం. ఆందోళన గురించిన పేజీ చదివేటప్పుడు వాడు లేచి వెళ్లి మంచినీళ్లు తాగి వచ్చాడు. తన గురించి ఎవరో రాసిన ఆ వాక్యాలు వాడు అంతవరకు పూర్తిగా చదవలేదట. ఎస్ అనే పెట్టాడు. డాక్టరు ఆ రోజు సంతకం చేయలేదు, కాగితాలు ఓక్లహోమాకు వెళ్లాయి. అక్కణ్ణుంచి ఉత్తరం వచ్చింది, పాత రికార్డులన్నీ పంపమని, ఫలానా తరహా మానసిక నిపుణుడి దగ్గర పరీక్ష చేయించుకోమని. ఆ ఖర్చు వేలల్లో ఉంటుంది, అది పైలట్ కావాలనుకునేవాడే భరించాలి. వాడు మందులేవీ వాడడం లేదు, ఆందోళన తగ్గి చాలాకాలమైంది. అయినా నెలలు గడిచాయి. చివరికి సర్టిఫికెట్ వచ్చింది.

మరో మెలిక కూడా అప్పుడే తెలిసింది. మాజీ సైనికులకు చదువు డబ్బిచ్చే చట్టం కింద ఫ్లయింగ్ స్కూల్ ఫీజు రావాలంటే, ముందు ప్రైవేటు పైలట్ లైసెన్సు సొంత ఖర్చుతో సంపాదించి, కోర్సుకు తగ్గ మెడికల్ సర్టిఫికెట్ చూపాలి. నీకు ఇంత వైకల్యముందని కాగితమిచ్చే వీఏనే, నీకు వైకల్యం అడ్డు కాదని కాగితం తెమ్మంటుంది. మధ్యలో కుర్రాడు అడకత్తెరలో పోకచెక్క. ఆ తర్వాత ఎయిర్‌లైన్స్‌లో చేరడానికి 1,500 గంటలు ఎగరాలి. 2009లో బఫెలో దగ్గర కోల్గన్ విమానం కూలి యాభై మంది చనిపోయాక వచ్చిన నిబంధన అది. సైన్యంలో పైలట్‌గా చేసినవాళ్లకు 750 చాలు. మెకానిక్‌గా చేసినవాడికి ఆ రాయితీ లేదు.

మా వాడు ఎస్ అని పెట్టడం ఎంత మంచిదైందో 2023లో అందరికీ తెలిసొచ్చింది. వీఏ ఇన్‌స్పెక్టర్ జనరల్ కార్యాలయం 2019 నుంచి రెండు జాబితాల్నీ పోల్చి చూస్తోందని ఆ వేసవిలో బయటపడింది. పైలట్లుగా ఉన్న దాదాపు 4,800 మంది మాజీ సైనికులు వీఏకి ఒకటి చెప్పి ఎఫ్‌ఏఏకి మరొకటి చెప్పి ఉండొచ్చన్న అనుమానం. వారిలో సుమారు 600 మంది ప్రయాణికుల విమానాలు నడిపే లైసెన్సున్నవాళ్లు. ఎఫ్‌ఏఏ చాలామందికి రికార్డు సరిదిద్దుకోమని ఉత్తరాలు రాసింది. వెంటనే విమానం దిగాల్సిందేనని ఆదేశాలు అందుకున్నవాళ్లు మాత్రం అరవై మంది. 4,800, అరవై అనే ఆ రెండు అంకెల్ని పక్కపక్కన పెట్టి చూడండి. అనుమానితుల్లో అత్యధికులు ఎగరడానికి పనికొచ్చేవాళ్లేననీ, నిజం చెప్పి ఉంటే ఆలస్యంగానైనా ఎగిరేవాళ్లేననీ అనిపిస్తుంది. వాళ్లను ముంచింది జబ్బు కాదు, దాచడం.

అయినా తప్పంతా వాళ్లదే అనడానికి నాకు మనసొప్పదు. వాళ్లలో దురాశాపరులు ఉండొచ్చు, లేని జబ్బుకు డబ్బు తీసుకున్నవాళ్లూ ఉండొచ్చు. ఎక్కువమంది మాత్రం భయంతో దాచారని నేననుకుంటాను. 2022లో వెలువడిన ఒక సర్వేలో, సర్టిఫికెట్ పోతుందన్న భయంతో వైద్యం విషయంలో ఏదో ఒకటి దాటవేశామని అమెరికన్ పైలట్లలో సగానికి పైగా ఒప్పుకున్నారు. సైన్యంతో సంబంధం లేనివాళ్లూ అందులో ఉన్నారు. డిప్రెషన్‌కు మందు వేసుకునేవాణ్ణి 2010 దాకా ఎఫ్‌ఏఏ అసలు ఎగరనివ్వలేదు. ఆ ఏడాది నాలుగు మందులకు మాత్రం షరతులతో ఒప్పుకుంది. అంటే అంతకు ముందు మందు మానేసి, జబ్బు ఉంచుకుని ఎగిరినవాణ్ణి వ్యవస్థ చూసీ చూడనట్టు ఊరుకుంది. 2015లో జర్మన్‌వింగ్స్ విమానాన్ని కో-పైలట్ కావాలని ఆల్ప్స్ కొండలకు ఢీకొట్టి తనతోపాటు 149 మంది ప్రాణాలు తీశాడు. అతను కూడా తన జబ్బును యజమానుల దగ్గర దాచినవాడే. కఠినంగా ఉండాలనేవాళ్లు ఆ ఘటనను చూపిస్తారు. భయపెడితే దాస్తారనేవాళ్లూ అదే ఘటనను చూపిస్తారు. నేను రెండోవాళ్ల పక్షం. విమానంలో నా పిల్లలు కూర్చున్నప్పుడు, డాక్టరు దగ్గరికి వెళ్లొచ్చిన పైలటే ముందు సీట్లో ఉండాలని నా కోరిక. 2024లో ఎఫ్‌ఏఏ మామూలు ఆందోళన, డిప్రెషన్ కేసుల్లో కొన్నింటిని డాక్టరు స్థాయిలోనే తేల్చే వీలు కల్పించింది. ఆలస్యంగానైనా మంచి అడుగు.

నా మాట సూటిగా చెబుతాను. యుద్ధానికి పంపిన దేశం, విమానం ఎక్కనిచ్చే దేశం ఒకటే. సైనికుడి దగ్గర క్లెయిమ్ పత్రం తీసుకునే రోజే, నువ్వు పైలట్ కావాలనుకుంటున్నావా అని ఒక్క ప్రశ్న అడిగి, ఏ జబ్బుకు ఎఫ్‌ఏఏ ఏ రికార్డు అడుగుతుందో ఒక కాగితం మీద రాసి ఇవ్వడం వీఏకి కష్టమైన పని కాదు. అది చెయ్యకుండా, ఏళ్ల తర్వాత జాబితాలు పోల్చి పట్టుకోవడం న్యాయం కాదు.

మన తెలుగు ఇళ్ల పిల్లలు ఇక్కడి సైన్యంలో చేరుతున్నారు. ఇంకా ఎందరో ఊళ్లో పొలాలు తాకట్టు పెట్టి మరీ ఫ్లయింగ్ స్కూళ్లలో చేరడానికి ఇక్కడికి వస్తున్నారు. వాళ్ల తల్లిదండ్రులకు నా మనవి ఒకటే. మొదటి ఫీజు కట్టక ముందే మొదటి తరగతి మెడికల్ చేయించండి. ఇండియాలో ఎగరబోయేవాళ్లకైతే అక్కడి నియంత్రణ సంస్థ డీజీసీఏ మెడికల్ విడిగా ఉంటుంది, ఇక్కడి సర్టిఫికెట్ అక్కడ పనికిరాదు. చిన్నప్పటి మూర్ఛ గానీ, పరీక్షలప్పుడు వాడిన నిద్రమందు గానీ, సైన్యంలో తగిలిన దెబ్బ గానీ ఉంటే ముందే విమానయాన వైద్యుడితో మాట్లాడండి. హక్కుగా వచ్చే పరిహారాన్ని భయపడి వదులుకోవద్దు. ఏ కార్యాలయంలో ఏం చెప్పారో ఆ కాగితాల నకళ్లన్నీ దాచుకోండి, రెండో చోటా అదే చెప్పండి.